బాగ్-ఏ-ఆమ్‌లోని అమానత్

ఆ రోజు బడి నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు సోఫాలో పడేసి, బూట్లు కూడా విప్పకుండా నా ముందుకొచ్చి నిలబడింది. ఎనిమిదో తరగతి చదువుతోంది.

"అబ్బా, గుళ్ళల్లో విగ్రహాలన్నీ మనవాళ్ళే పగలగొట్టారా?"

సోషల్ క్లాసులో కాకతీయుల పాఠం నడుస్తోందట. పక్క బెంచీ పిల్ల అడిగిందట: "మీవాళ్ళే కదా?" అని. కోపంతో అడగలేదట, మామూలుగానే అడిగిందట. మా అమ్మాయికి జవాబు తెలియలేదు. నాకూ ఆ క్షణాన "కాదు బేటా" అనాలో "అవును బేటా" అనాలో తోచలేదు. రెండూ సగం అబద్ధాలే. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో రాస్తున్నవాడిని, సొంత పిల్ల అడిగిన దానికి ఒక్క వాక్యం దొరకలేదు.

"ఆదివారం బాగ్-ఏ-ఆమ్ పోదాం. అక్కడ చెబుతా" అన్నాను.

ఆ మాట మా అమ్మీ చెవిన పడింది. తస్బీ తిప్పుతూనే, "బచ్చీకు బుతాఁ దిఖానే లేజాతే క్యా రే?" అంది. పిల్లకు విగ్రహాలు చూపించడానికి తీసుకుపోతావా అని. ఒకే సాయంత్రం, ఒకే గదిలో రెండు సవాళ్ళు. బయటివాళ్ళు అడిగేది: మీరు బుత్‌లను ఎందుకు పగలగొట్టారు? ఇంట్లోవాళ్ళు అడిగేది: మనకు బుత్‌లతో పనేమిటి? మన ఇళ్ళల్లో చాలామంది ఈ రెంటి మధ్యే పెరిగాం. అందుకే ఈ సంగతి మీతో పంచుకుంటున్నాను.

మేముండేది సికింద్రాబాద్‌లో. ఈ ఊరు కూడా ఒక నిజాం పేరు మీదే వెలిసింది. అంగ్రేజు ఫౌజు ఛావనీకి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టింది 1806లో. మా క్లాక్ టవర్ 1897 నాటిది. దాని చుట్టూ ఉన్న పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపం ఉంది. నా చిన్నప్పుడు అక్కడి నుంచే బస్సెక్కి అబ్బా వెంట నాంపల్లి వైపు పోయేవాడిని. ఈ ఆదివారం అదే దారి, కాకపోతే అబ్బా స్థానంలో నేను.

దారంతా శిల్పాలే. ట్యాంక్ బండ్ మీద 1986లో ఎన్టీఆర్ హయాంలో పెట్టించిన విగ్రహాల వరుస. అందులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నాడు, గోల్కొండ ఆఖరి సుల్తాన్ తానీషా ఉన్నాడు, మన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. హుస్సేన్ సాగర్ నడుమ తెల్ల గ్రానైటు బుద్ధుడు. 1990 మార్చిలో పడవ ఒరిగి ఆ విగ్రహం మనుషులతో సహా నీళ్ళల్లో మునిగింది. రెండేళ్ళకు పైగా అడుగున పడి ఉండి, 1992 డిసెంబరులో పైకొచ్చింది.

"అబ్బా, బుత్ అంటే బుద్ధుడేనా?" అని అడిగింది మా అమ్మాయి ఉన్నట్టుండి. పిల్లలు మాటల్ని భలే పట్టుకుంటారు. నిజంగానే పండితులు చెప్పేది అదే. ఫార్సీలో 'బుత్' అనే మాట 'బుద్ధ' నుంచే పుట్టిందంటారు. ఇస్లాం రాకముందు ఖురాసాన్, బల్ఖ్ ప్రాంతాల నిండా బౌద్ధ విహారాలు ఉండేవి. అక్కడి వాళ్ళు చూసిన ముజస్సమా బుద్ధుడిదే, దాంతో ప్రతి ప్రతిమకూ ఆ పేరే స్థిరపడింది. అదే మాట ఉర్దూ గజల్‌లోకి వచ్చేసరికి మెహబూబా అయిపోయింది. మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్ళం మూతులు మూసుకుని నవ్వుకున్నాం. మసీదులో వద్దన్న మాటను ముషాయిరాలో వాహ్ వాహ్ అని మెచ్చుకునే జబాన్ మనది.

ఆమ్ అంటే అందరిదీ

పబ్లిక్ గార్డెన్స్ అని బోర్డు మీద ఉంటుంది. పాతవాళ్ళకు మాత్రం అది బాగ్-ఏ-ఆమ్. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాముల కాలంలో వేసిన తోట. దీవాన్-ఏ-ఖాస్, దీవాన్-ఏ-ఆమ్ అని వింటుంటాం కదా. ఖాస్ అంటే కొందరిది, ఆమ్ అంటే అందరిది. అంతకుముందు తోటలన్నీ ఎవరో ఒకరి ఖాస్‌వే. నవాబు బాగ్, బేగం బాగ్, దేవిడీ వెనక జనానా బాగ్. పేరులోనే 'ఆమ్' ఉన్న తోట వేయడం అప్పటికి కొత్త సంగతి.

దీని ఒక పక్కన అసెంబ్లీ భవనం. 1913లో పూర్తయినప్పుడు అది మహబూబియా టౌన్ హాల్. ఇంకో పక్కన ఏడో నిజాం సిల్వర్ జూబ్లీ జ్ఞాపకాలున్న జూబ్లీ హాల్. ఇంకాస్త ముందుకు పోతే షాహీ మసీదు, 1924 నాటిది. దానికి కూతవేటు దూరంలోనే మ్యూజియం. తోట ఎదుట గన్ పార్కు.

గన్ పార్కులో కాసేపు ఆగాం. శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన అమరవీరుల స్తూపం అక్కడుంది. 1970లో పునాది పడింది. 1969లో తూటాలకు బలైన పిల్లల యాద్‌గార్ అది. పీఠం నాలుగు వైపులా తొమ్మిదేసి రంధ్రాలున్నాయి, అవి తూటాల గుర్తులు. శిఖరాన తొమ్మిది రేకుల తెల్ల పువ్వు. మా అమ్మాయి వేలితో లెక్కపెట్టింది. "మనిషి బొమ్మే లేదేంటి అబ్బా?" అంది. లేదు. ముఖం లేకుండానే చనిపోయిన వాళ్ళందరి ముఖాలూ గుర్తుచేస్తుంది. బొమ్మ గీయకుండా గోడల మీద ఖత్తాతీతో, బేల్‌బూటాలతో మన కారీగర్లు ఎంత చెప్పగలిగారో తెలిసిన వాళ్ళకు ఈ స్తూపం పరాయిది అనిపించదు.

ఫవ్వారా సంగతి

తోటలోకి అడుగుపెట్టగానే పిల్లలు ముందు పరిగెత్తేది ఫవ్వారా దగ్గరికే. మా అమ్మాయి ఎనిమిదో తరగతి సంగతి మరిచిపోయి తుంపర్లలో చేతులు చాపి నిలబడింది. నేను చెట్టు కింద కూర్చుని అబ్బా నాకు చెప్పిన సంగతులు గుర్తుచేసుకున్నాను.

ఖురాన్‌లో జన్నత్ అంటేనే తోట. కింద సెలయేళ్ళు పారే తోట. సూరా ముహమ్మద్‌లో నీళ్ళు, పాలు, షరాబ్, తేనె, ఇలా నాలుగు రకాల నహర్ల ప్రస్తావన ఉంది. తోటను నాలుగు కాలువలతో నాలుగు భాగాలు చేసే చహార్‌బాగ్ పద్ధతి ఇస్లాంకన్నా ముందే ఈరాన్‌లో ఉంది. మన బాద్‌షాలు ఆ నాలుగు కాలువల్లో ఈ నాలుగు నహర్లను చూసుకున్నారు. 'ఫిర్దౌస్' అనే మాట కూడా గోడ కట్టిన తోట అనే పాత ఈరానీ మాట నుంచి వచ్చిందే. జన్నత్‌లోని ఒక చష్మా పేరు సల్సబీల్. మొఘల్ తోటల్లో నీళ్ళు గలగలమంటూ జారేలా చెక్కి, ఏటవాలుగా నిలిపిన రాతి పలకనూ సల్సబీల్ అనే అంటారు. ఆయత్‌లోని మాటను సంగ్‌తరాష్ రాతి మీదికి దింపాడు.

కరెంటు మోటార్లు లేని రోజుల్లో ఫవ్వారా ఎలా ఎగిసేది? కిటుకంతా ఎత్తులో ఉంది. ఎత్తైన చోట హౌజ్ కట్టి నీళ్ళు నింపుతారు. అక్కడి నుంచి మట్టి గొట్టాల్లోనో సీసపు గొట్టాల్లోనో నీళ్ళు పల్లానికి దిగుతాయి. చివర సన్నటి మూతి పెడితే, దిగిన నీరు తన బరువుతోనే పైకి ఎగజిమ్ముతుంది. హౌజ్ ఎంత ఎత్తులో ఉంటే ధార అంత ఎత్తుకు పోవాలనుకుంటుంది. గొట్టాల రాపిడికి కాస్త తగ్గుతుంది. అంతే లెక్క. కానీ ఆ హౌజ్‌ను రోజూ నింపాలి. ఎడ్లు మోట తోలాలి, మనుషులు పూడిక తీయాలి. ఫవ్వారా చూసినప్పుడు ధారే కనబడుతుంది, ఎడ్లు కనబడవు.

మన షహర్‌లో పాత ఫవ్వారా అంటే గుల్జార్ హౌజ్. 1591లో చార్మినార్, ఆ వెంటనే చార్ కమాన్, ఆ నాలుగు కమాన్ల నడుమ ఈ హౌజ్. పాతకాలంలో చార్ సూ కా హౌజ్ అనేవారు, అంటే నాలుగు దిక్కుల హౌజ్ అని. ఇప్పుడు బంగారు దుకాణాల మధ్య ట్రాఫిక్ దాని చుట్టూ తిరుగుతుంటుంది. బాదర్ సవారీల కాలంలో మనుషులూ జానవర్లూ దాహం తీర్చుకున్న చౌరస్తా అది.

సికింద్రాబాద్ నుంచి వచ్చేటప్పుడు మేము దాటొచ్చిన హుస్సేన్ సాగర్ కూడా ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిందే. షహర్‌కు తాగునీరు చాలాకాలం దాని నుంచే అందింది. 1908లో మూసీ తుఘ్యానీ ఊరిని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. తోటలో ఆటగా ఎగిసే నీళ్ళ వెనక ఈ కథంతా ఉంది. వుజూ చేసే హౌజ్, దాహం తీర్చే హౌజ్, కళ్ళకు చల్లదనమిచ్చే హౌజ్, అన్నింటికీ మన దగ్గర ఒకటే మాట. నీళ్ళకు మజహబ్ లేదని వేరే చెప్పాలా?

రాళ్ళను ఏరుకొచ్చిన సాహెబులు

ఇక అసలు సంగతికి వస్తాను. తోటలోని మ్యూజియం 1930-31లో హైదరాబాద్ మ్యూజియం పేరుతో తెరుచుకుంది. పిల్లలంతా ముందు మమ్మీ దగ్గరికి పోతారు, మేమూ పోయాం. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ అది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని మ్యూజియానికి ఇచ్చేశారు. అక్కడి నుంచి అమ్మాయిని రాళ్ళ వైపు నడిపించాను.

కాకతీయుల నల్లరాతి శిల్పాలు. పటాన్‌చెరు వైపు నుంచి వచ్చిన జైన తీర్థంకరులు. బుద్ధులు. చాళుక్యులవి, విజయనగరం నాటివి. కొన్నింటికి ముక్కు లేదు, కొన్నింటికి చేతులు లేవు. కొన్ని నిన్న చెక్కినట్టున్నాయి. అజంతా చిత్రాల నకళ్ళు ఇంకో చోట ఉన్నాయి. సయ్యద్ అహ్మద్ అనే ముసవ్విర్ గుహల చీకట్లో ఏళ్ళ తరబడి కూర్చుని అజంతా బొమ్మల్ని గీతగీతా దింపుకున్నాడు.

"వీటిని ఇక్కడికి ఎవరు తెచ్చారు అబ్బా?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నిజాం సర్కారు 1914లో ఆసారె ఖదీమా మహకమా, అంటే పురావస్తు శాఖ పెట్టింది. దానికి నాజిమ్‌గా వచ్చినవారు గులాం యజ్దానీ. 1885లో దిల్లీలో పుట్టిన ఆలిమ్. అరబీ, ఫార్సీ శాసనాలు చదవడంలో దిట్ట. ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా అనే శాసనాల పత్రికకు ఏళ్ళ తరబడి ఎడిటర్. అలాంటి మనిషి ఇక్కడ కూర్చున్నాక ఆ శాఖ అచ్చేసిన మొదటి పుస్తకం ఏమిటో తెలుసా? ఏ సుల్తాన్ శాసనమో కాదు. అశోకుడి మస్కీ శాసనం. 1915లో, నిజాం రాజ్యంలోని రాయచూరు ప్రాంతంలో, బీడన్ అనే గనుల ఇంజనీరు కంటపడింది. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో 'దేవానాంపియ' అనే బిరుదే ఉండేది. అశోకుడనే పేరు స్పష్టంగా కనిపించింది అక్కడే. ఆ బిరుదు అశోకుడిదేనని తేలడానికి అది గట్టి సాక్ష్యమైంది. ఆ శాసనాన్ని చదివి వివరించింది హెచ్. కృష్ణశాస్త్రి, అచ్చు వేయించింది నిజాం సర్కారు. హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్‌లో నంబర్ 1 అదే.

ఆ తర్వాత పాలంపేట. మనం ఇప్పుడు రామప్ప అంటున్న గుడి. 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది. దాని మీద యజ్దానీ రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత, 2021 జులైలో, యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అజంతా గుహల గోడల మీద రంగులు పొరలు పొరలుగా రాలిపోతుంటే, 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను నిజాం సర్కారు పిలిపించింది. యజ్దానీ అజంతా గ్రంథం నాలుగు సంపుటాలు. మొదటిది 1930లో వచ్చింది, ఆఖరిది 1955లో. ఈ నడుమనే 1948 వచ్చింది, రియాసత్ పోయింది, నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. జీతమిచ్చిన హుకూమత్ పోయినా పట్టిన పని వదల్లేదు యజ్దానీ సాబ్. 1959లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1962లో ఇంతకాల్ అయ్యారు.

అమ్మాయి నోటు పుస్తకం తీసి 'గులాం యజ్దానీ' అని రాసుకుంది. "ఈయన పేరు మా పుస్తకంలో లేదు" అంది.

పగిలిందీ నిజమే

ఇక్కడ ఆగిపోతే నాకు తేలికగా ఉండేది. 'చూశావా బేటా, మనవాళ్ళు ఎంత మంచివాళ్ళో' అని తోటలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టి ఇంటికి వచ్చేయొచ్చు. కానీ ముక్కు లేని ఆ శిల్పాలు ఎదురుగా నిలబడి ఉన్నాయి.

1323లో దిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ వచ్చి వరంగల్‌ను గెలిచాడు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఆయనే. కోట నడుమ ఉన్న స్వయంభూ శివాలయం ఆ గెలుపులోనే నేలమట్టమైంది. నాలుగు దిక్కులా ఉన్న కీర్తి తోరణాలు మిగిలాయి. ఆ పక్కనే ఖుష్ మహల్ లేచింది. వరంగల్ పోయిన వాళ్ళకు ఈ రెండూ ఒకే చూపులో కనబడతాయి. అదంతా లడాయి అనీ, ఆ కాలంలో గెలిచిన రాజు ఓడిన రాజు గుడిని కొట్టడం రివాజు అనీ చరిత్రకారులు వివరిస్తారు. ఆ వివరణలో నిజం ఉంది. అయినా ఎవరి దేవుడి గుడి కూలిందో వాళ్ళకు దానితో మనసు కుదుటపడదు. మన మసీదు గోడ కూలితే మనకు ఏ చరిత్ర పాఠం మందు వేస్తుంది?

అందుకని అమ్మాయితో ఇలా అన్నాను: "బేటా, పగలగొట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు మన పేర్లలాగే ఉంటాయి. ఏరుకొచ్చి దాచినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లూ మన పేర్లలాగే ఉంటాయి. నువ్వు ఒకళ్ళ పేరు దాచిపెట్టి ఇంకొకళ్ళ పేరే చెబితే అది ఝూట్ అవుతుంది. నీ దోస్త్ చేసినా అంతే."

ఇంకో మాట కూడా చెప్పాను, అది మన పెద్దవాళ్ళలో కొందరికి నచ్చకపోవచ్చు. నిజాం సర్కారు గుళ్ళను, గుహలను కాపాడటం హిందువుల మీద చేసిన ఎహసాన్ కాదు. ఆ ఖజానా ఎవరిది? పొలం దున్ని శిస్తు కట్టిన రయ్యత్‌ది. అందులో అత్యధికులు హిందువులు. ఆ రాజ్యంలో జాగీర్దార్ల దౌర్జన్యం ఉంది, వెట్టి ఉంది, ఆఖర్లో రజాకార్ల జుల్మ్ కూడా ఉంది. ఆ చిట్టా పక్కన పెట్టి యజ్దానీ ఒక్కడినే చూపిస్తే ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు. రయ్యత్ సొమ్ముతో రయ్యత్ విరాసత్‌ను కాపాడటం ఫర్జ్. దీనికి మన దీన్‌లోనే మంచి మాట ఉంది. అమానత్. ఎవరి సొత్తు వాళ్ళకు చెక్కుచెదరకుండా అప్పగించమని సూరా నిసాలో హుకుం ఉంది. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని సూరా అన్‌ఆమ్‌లో ఉంది. తస్వీరులు, ముజస్సమాల గురించి ఉలమాల మధ్య బహస్‌లు చాలా ఉన్నాయి. నేను ముఫ్తీని కాను, అందులోకి దిగను. కానీ ఇబాదత్ వేరు, హిఫాజత్ వేరు అన్నంత వరకు నా అక్లుకు అందుతుంది. పొరుగువాడు హజ్‌కో, కాశీకో పోతూ నగల మూట మన ఇంట్లో దాచిపెడితే ఆ నగలు మనం పెట్టుకోం. అలాగని పోనివ్వం కూడా.

యజ్దానీ సాబ్ చేసింది ఆ పనే. ఆయనతోపాటు పేర్లు ఎక్కడా అచ్చుకాని చౌకీదార్లు, చప్రాసీలు, బండి తోలినవాళ్ళు, రాళ్ళు మోసిన కూలీలు చేసిందీ ఆ పనే. వాళ్ళలో అన్ని మజహబ్‌ల వాళ్ళూ ఉండే ఉంటారు. రాయి బరువు ఎవరి భుజానికైనా ఒకటే.

అసర్ అజాన్ వినబడింది. షాహీ మసీదులో వుజూ చేసుకుని నమాజు చదివాం. ఉస్మాన్ అలీ ఖాన్ జుమా నమాజుకు వచ్చిన మసీదు అది. సలాం తిప్పాక నాకొక సంగతి తోచింది. ఇక్కడి నుంచి నాలుగు అడుగుల్లో తీర్థంకరుడు, ఇంకో నాలుగు అడుగుల్లో బుద్ధుడు, ఆ పక్కన కాకతీయుల శివుడు. ఒకే తోట, ఒకే కాంపౌండు గోడ. కట్టించినవాడికి ఇందులో ఇబ్బంది కనబడలేదు, ఇన్నేళ్ళుగా నమాజుకు వచ్చేవాళ్ళకూ కనబడలేదు.

ఇంటికి వచ్చేసరికి మగ్రిబ్ అయింది. అమ్మీ చాయ్ పెట్టించి ఎదురుచూస్తోంది. మనవరాలు పక్కన కూర్చుని మస్కీ రాయి నుంచి మమ్మీ దాకా మొత్తం చెప్పింది. అమ్మీ శ్రద్ధగా వింది. చివరికి అడిగింది: "ఓ యజ్దానీ సాబ్ నమాజీ థే క్యా?"

"అది ఎక్కడా రాయలేదు దాదీ" అంది అమ్మాయి.

అమ్మీ కాసేపు ఆలోచించి, "అమానత్‌దార్ తో థే" అంది. అమానత్ నిలబెట్టిన మనిషే కదా అని. ఆ తర్వాత తస్బీలో పడిపోయింది.

మర్నాడు మా అమ్మాయి బడిలో ఏం చెప్పిందో నేను అడగలేదు. నోటు పుస్తకంలో మాత్రం ఆ పేజీలో రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి: ఉలుగ్ ఖాన్, 1323. గులాం యజ్దానీ, 1914. వచ్చే ఆదివారం పక్క బెంచీ పిల్లను కూడా తీసుకుపోదామని అడుగుతోంది. మీ పిల్లలకూ ఇలాంటి ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. జవాబు కోసం ఫోన్ తెరవకండి. బాగ్-ఏ-ఆమ్‌కు తీసుకుపోండి, ముందు ఫవ్వారా దగ్గర ఆడుకోనివ్వండి, తర్వాత రాళ్ళ దగ్గరికి నడిపించండి.